దిడ్డి దారిన దిగినవాడు

దేవదాస్ బండల మధ్య బోర్లా పడి ఉన్నాడు.

మెడ విరిగింది. ఒక చెప్పు కాలికే ఉంది. రెండోది ఎక్కడా కనిపించలేదు. పక్కనే పగిలిన సెల్‌ఫోన్.

నిర్మల్ టౌన్ సీఐ మమతారాణి తల ఎత్తి చూసింది. కోట గోడ నల్లగా కొంత దూరం లేచి, పొగమంచులో మాయమైంది. బురుజు కొన కనిపించడం లేదు. ఎక్కడి నుంచి పడ్డాడో ఊహించుకోవాల్సిందే.

"గైడు మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పరశురాములు. "ఒక్కరొచ్చినా సరే, తోలుకపోయి చూపెడ్తడు. గల్లీలు, దర్వాజలు, బురుజులు... అన్నీ నడిపిస్తడు. గీ గుట్ట మీద కండ్లు మూసుకొని తిరిగే మనిషి."

"మరి ఎట్ల పడ్డడు?"

పరశురాములు తల తిప్పాడు. రోడ్డు మీద ఆగిన జీపు వైపు చూశాడు.

జీపులో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. ఖరీదైన బూట్లు. లేత నీలం చొక్కా. మోకాళ్లకు బురద.

"పేరు?"

"ముత్యం. హైదరాబాద్‌లో టైర్ల షాపు ఉంది."

"సొంతూరు?"

"హైదరాబాదే."

"ఈ వైపు ఎప్పుడైనా వచ్చారా?"

"ఇదే మొదటిసారి మేడం. కోట గురించి విన్నాను. ఒక్కడినే చూడాలనుకున్నాను. లాడ్జి వాళ్లు ఈయన నంబర్ ఇచ్చారు."

"ఏం జరిగింది?"

"బురుజు మీద నన్ను ఫోటో తీస్తానన్నాడు. ఫోన్ పట్టుకుని వెనక్కి నడిచాడు. మంచులో అంచు చూసుకోలేదు. అంతే. అరుపు కూడా సరిగ్గా వినపడలేదు." అతను మొహం తుడుచుకున్నాడు. "మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి కిందికి చూశాను. ఏమీ కనిపించలేదు. పరుగెత్తాను. ఎటు దిగానో నాకే తెలియదు. రోడ్డు మీద పాల ఆటో కనిపిస్తే ఆపాను."

ఆటో డ్రైవర్ కూడా అదే చెప్పాడు. గుట్ట వెనకాల రోడ్డు మీద ఈయన చేతులూపుతూ ఎదురొచ్చాడట. నోట మాట రాలేదట.

ఆధార్ కార్డు అడిగి తీసుకుంది మమతారాణి. పేరు సరిపోయింది. ఫోటో సరిపోయింది. పుట్టిన సంవత్సరం దగ్గర ఆమె చూపు ఒక్క క్షణం ఆగింది. కార్డు లెక్కన ఇతనికి నలభై దాటి ఎంతో కాలం కాలేదు.

సంతకం పెట్టడానికి అతను జీపు దిగి అటు తిరిగాడు. చొక్కా వీపు మీద తెల్లటి గీత. భుజం ఎముక నుంచి నడుము దాకా, సున్నం గీసుకుపోయినట్టు.

ఆమె సంతకం అయిన కాగితం మడిచి పెట్టుకుంది.

*

పంచనామా అయ్యేసరికి మంచు విడిచి ముసురు పట్టింది.

"ముత్యం గారూ, ఒక్కసారి నాతోటి నడవండి," అంది మమతారాణి. "దేవదాస్ మిమ్మల్ని ఎట్ల తోలుకపోయిండో గట్లనే. కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చిన్నుంచి అనుకుంటున్న, కోట చూడాలని. ఇవ్వాళ్ల మీరే నా గైడు."

అతని మొహంలో రంగు మారింది. "నాకు దారి సరిగ్గా గుర్తులేదు మేడం."

"గుర్తున్నంత వరకే."

కొయ్యబొమ్మలు చేసే గల్లీలోంచి నడక మొదలైంది. వానకు తలుపులన్నీ మూసి ఉన్నాయి. గల్లీ చివర మెట్లు. మెట్ల పైన ఇనుప ముళ్ల దర్వాజ. అక్కడ పరశురాములును ఆగమంది. ఆయన తటపటాయించాడు.

"నేనూ వస్త మేడం."

"వద్దు. ఇద్దరమే పోతం."

దర్వాజ దాటగానే ఊరి చప్పుడు ఆగిపోయింది. రెండు పక్కలా ఎత్తు గోడలు. రాళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇక్కడ దేవదాస్ ఏం చెప్పిండు?"

"శత్రువులు వస్తే పై నుంచి మరిగే నూనె పోసేవారని."

"ఇంకా?"

"ఇక్కడికి వచ్చినవాడు తిరిగి వెళ్లడం కష్టమని." చెప్పాక అతనే నాలుక కరుచుకున్నట్టు ఆగాడు.

దారి రెండుగా చీలింది. అతను నిలబడ్డాడు. ఎడమకు పది అడుగులు వేశాడు. అడ్డంగా గోడ. వెనక్కి వచ్చాడు. "చెప్పాను కదా మేడం. గుర్తులేదు."

ఆమె తల ఊపింది. కుడి వైపు మెట్లెక్కారు. నాచు పట్టిన మెట్లు. ఆమె రెండుసార్లు జారి గోడ పట్టుకుంది. ముందు నడుస్తున్న మనిషి బూట్లు మాత్రం ఒక్కసారి కూడా తడబడలేదు. ఏ మెట్టుకు ఎక్కడ అడుగు వేయాలో పాదాలకు తెలుసు. అంచున గరుకుగా ఉన్న చోటే పడుతున్నాయి. దారి మరిచిపోయినట్టు నటించడం సులభమే. పాదాలకు నటించడం రాదు.

బురుజు మీదికి వచ్చారు.

గాలి ఒక్కసారిగా కొట్టింది. పిట్టగోడ ఒక వైపు కూలిపోయింది. దాని అవతల ఏమీ లేదు.

మమతారాణి అంచు దాకా వెళ్లి వంగి చూసింది. వెనక అడుగుల చప్పుడు. దగ్గరకు వచ్చింది. ఆగింది. ఆమె తుపాకీ వైపు చెయ్యి పోనివ్వలేదు. తిరిగి కూడా చూడలేదు.

"పరశురాములు దర్వాజ కాడి నుంచి మననే చూస్తుండు," అంది మామూలుగా.

నిజానికి అక్కడి నుంచి బురుజు కనిపించదు.

కాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత అడుగులు వెనక్కి జరిగాయి. ఆమె అప్పుడు తిరిగింది. అతను ఆమెను చూడడం లేదు. ఊరి వైపు, కింద ఒక వాడలోని పెంకుటిళ్ల వైపు చూస్తున్నాడు. ఆకలి మీదున్న మనిషి అన్నం వైపు చూసినట్టు.

"ఏం చూస్తున్నరు?"

"ఏమీ లేదు మేడం. ఊరు."

అతన్ని పరశురాములుతో కిందికి పంపి, ఆమె ఒక్కతే మళ్లీ పైకి వచ్చింది. బురుజు నుంచి వెనక రోడ్డుకు దిగే దారి కోసం గోడ పొడుగునా వెతికింది. దారి లేదు. అంతా నిట్టనిలువు గోడ. చివరికి సీతాఫలం పొదల్లో కొమ్మలు విరిగి కనిపించాయి. పచ్చి విరుపు. కొమ్మలు పక్కకు తీసింది.

గోడలో చిన్న దిడ్డి. వెనకటి కాలం దొంగ ద్వారం. మనిషి నడుము ఎత్తు కూడా లేదు. లోపల చీకటి. గబ్బిలాల వాసన. మోకాళ్ల మీద పాకుతూ లోపలికి వెళ్లింది. పై రాయి వీపును గీసింది. మలుపు తిరిగాక ఎక్కడో వెలుతురు. అవతల బయటపడి చూస్తే కాళ్ల కింద వెనక రోడ్డు.

యూనిఫాం మీది వాన కోటు విప్పి చూసుకుంది. వీపు మీద తెల్లటి సున్నం గీత.

*

"గా దిడ్డి సంగతి నీకెవలు చెప్పిన్రు మేడం?"

దేవదాస్ భార్య కమలవ్వ అప్పటిదాకా ఏడవలేదు. మార్చురీ బయట బెంచీ మీద రాయిలా కూర్చుంది. దిడ్డి అనగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనే చూసిన. దేవదాస్ అందరికీ చూపెడుతుండెనా?"

"ఎవలకూ చూపెట్టలే. గది వాళ్లిద్దరి దారి. చిన్నప్పుడు మేకలు కాసేటోళ్లు. బళ్లె సార్ కొట్టొస్తే దాంట్ల దూరి అవతల పడేటోళ్లు."

"ఇద్దరంటే?"

"మా ఆయన, వెంకటి. ఒక్క కంచంల తిన్నోళ్లు. వెంకటి గల్ఫ్‌కు పోయిండు. వాళ్ల క్యాంపుల మంట లేసి కాలి సచ్చిపోయిండు. పన్నెండేండ్లాయె. శవం పెట్టె వస్తే మా ఆయనే పోయి తెచ్చిండు. మొఖం సూడనియ్యలే. ఏముంటది సూడనీకె? వెంకటికి పిల్లలు లేరు. మా ఆయనే నిప్పు పెట్టిండు. గప్పటి సంది ఆ దిడ్డి దిక్కు పోలే. వెంకటి యాదికొస్తడని."

"వెంకటి భార్య?"

"యాదవ్వ. గా బురుజు కిందనే, పెంకుటిండ్ల వాడల ఉంటది. బీడీలు జేస్తది."

మమతారాణి బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంది.

"పొద్దుగాల పోయేటప్పుడు మీ ఆయన ఏమన్న అన్నడా?"

"ఒక్కడే వస్తుండు, మంచిగ తిప్పి చూపియ్యాలె అన్నడు. గంతే."

స్టేషన్‌కు తిరిగి రాగానే, పొద్దున కార్డు చూశాక అడిగిన పాస్‌పోర్టు వివరాలు వచ్చాయి. ముత్యం. పుట్టిన ఊరు ఖానాపూర్. పన్నెండేళ్ల కింద గల్ఫ్ నుంచి ఔట్‌పాస్ అనే తాత్కాలిక కాగితం మీద తిరిగి వచ్చాడు. ఒరిజినల్ పాస్‌పోర్టు క్యాంపు మంటల్లో కాలిపోయిందని రాసి ఉంది.

సొంతూరు హైదరాబాద్ అన్నాడు. ఈ వైపు రావడం మొదటిసారి అన్నాడు. ఖానాపూర్ ఈ జిల్లాలోనే ఉంది.

ఖానాపూర్ స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"ముత్యమా?" అవతల ఎస్సై గొంతు పెరిగింది. "పాత మిస్సింగ్ కేసు మేడం. గల్ఫ్ నుంచి వచ్చి హైదరాబాద్‌ల విమానం దిగిండు. ఇంటికి మాత్రం రాలే. తల్లి చంద్రవ్వ ఇయ్యాల్టికీ స్టేషన్ చుట్టూ తిరుగుతది. దొరికిండా మేడం?"

"ఆమెను పంపించండి. కొడుకు దొరికిండని మాత్రం చెప్పకండి."

కానీ అప్పటికే ఎవరో చెప్పేశారు.

*

సాయంత్రం. సీఐ గదిలో మమతారాణి కాక ముగ్గురున్నారు. గోడ పక్కన కమలవ్వ. బల్ల ముందు ఆ మనిషి. తలుపు దగ్గర పరశురాములు.

చంద్రవ్వ దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. తడిసిన చీర. ఊపిరి అందడం లేదు.

"యాడున్నడు బిడ్డా? నా ముత్యం యాడున్నడు?"

మమతారాణి వేలు చూపించలేదు. చూపించాల్సిన పని లేకపోయింది. చంద్రవ్వ అతని ముందుకు వెళ్లింది. రెండు చేతులతో మొహం పట్టుకుని ఎత్తింది. చిన్ననాటి గుర్తు కోసం ఒక చెవి చూసింది. రెండో చెవి చూసింది. చేతులు మెల్లగా కిందికి జారాయి.

"గీయన నా కొడుకు గాదు."

పరశురాములు తలుపు మూశాడు.

"నా కొడుకు గీయన కంటే శానా చిన్నోడు," అంది. అతన్నే అడిగింది. "నా కొడుకు పేరు నీకెట్లొచ్చింది నాయినా?"

అతను తల దించుకున్నాడు.

"నేను చెప్త," అంది మమతారాణి. గొంతు పెంచలేదు. "పొద్దున అందరం ఈయన మోకాళ్ల బురదే చూసినం. నేను తప్ప వీపు ఎవ్వరూ చూడలే. వీపుకు సున్నం ఉంది. అంచు కాడ పాకితే మోకాళ్లకు బురద అంటుతది. వీపు గీసుకోవాలంటే తల మీద రాయి ఉండాలె. గా కోటల అసుంటి జాగ ఒక్కటే. దిడ్డి."

"నేను... దారి తప్పి..."

"దారి తప్పిన మనిషి వచ్చిన దారినే ఉరుకుతడు. లేకుంటే నిలబడి కేకలేస్తడు. మంచుల, పొదల ఎనక, గబ్బిలాలున్న చీకటి బొక్కల తల పెట్టడు. అవతల వెలుగుందని తెలిసినోడే దూరుతడు. గా సంగతి తెలిసింది ఈ లోకంల ఇద్దరికే. ఒకడు దేవదాస్." ఆమె ఆగింది. "రెండోవాడు కాలి చచ్చిపోయిండని శవం పెట్టె వస్తే ఊరంతా ఏడ్చింది. గదా వెంకటీ?"

కమలవ్వ లేచి నిలబడింది. దగ్గరకు వచ్చి చూసింది. నెరిసిన జుట్టు, బలిసిన చెంపలు, నున్నటి గడ్డం. వాటి వెనక ఇంకో మొహం కోసం వెతికింది. దొరికింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెంకటి హైదరాబాద్ మాట ఊడిపోయింది.

"గల్ఫ్‌ల నా బండి కింద ఒకాయన పడి సచ్చిండు. కేసు పెట్టిన్రు. జైలుకేస్తమన్నరు. పాస్‌పోర్టు గుంజుకున్నరు. గప్పుడే క్యాంపు కాలింది. ముత్యం నా రూమోడు. గుర్తు పట్టేటట్టు లేకుండ కాలి సచ్చిండు. సచ్చింది ఎవలని అడిగితే... వెంకటి అని చెప్పిన. నేను ముత్యం అన్న."

"ఇంటికెందుకు రాలే?"

"సచ్చినోడు ఎట్లొస్తడు? హైదరాబాద్‌ల ఆగిపోయిన. ఇంకో పెండ్లయింది. బిడ్డ పుట్టింది. కని ఊరు కలల కొస్తుండె. ఒక్కసారి చూసి పోదామనుకున్న. ఊరికె తిరిగితే ఎవలన్న గుర్తుపడ్తరని, గైడును పెట్టుకొని కొత్త మనిషి లెక్క పైకి పోయిన. లాడ్జోళ్లు నంబరే ఇచ్చిన్రు, గైడు వాడని నాకు తెల్వదు. దర్వాజ కాడ వాణ్ని చూసినంక గూడ, నన్ను గుర్తుపట్టడనుకున్న."

"దేవదాస్ గుర్తుపట్టిండు."

"బురుజు మీద నేను ముందు నడుస్తున్న. ఎనక నుంచి 'వెంకటీ' అన్నడు. మెల్లగ. నేను తిరిగిన. గట్టిగ పట్టుకొని ఏడ్చిండు. నవ్విండు. యాదవ్వకు ఫోన్ చేస్త అన్నడు. వద్దురా అన్న. ఇనలే. ఫోన్ తీసిండు. గుంజుకుందామని నూకిన. వాని ఎనక గోడ లేదు."

కమలవ్వ మాటలు తడబడుతూ వచ్చాయి. "గంత సంబురపడ్డోణ్ని... గంత సంబురపడ్డోణ్ని నూకినవా?"

అతను చేతులు జోడించాడు. "యాదవ్వకు చెప్పకున్రి మేడం."

"నేను చెప్ప," అంది మమతారాణి. "నువ్వే చెప్తవు. రేపు కోర్టుకు తోలుకపోయే ముందు, ఆమె మొఖం చూసి."

పరశురాములు అతని రెక్క పట్టుకుని లేపాడు. తలుపు దగ్గర వెంకటి ఒకసారి వెనక్కి తిరిగాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

చంద్రవ్వ ఇంకా అక్కడే నిలబడి ఉంది. జరిగింది ఆమెకు మెల్లమెల్లగా ఎక్కుతోంది.

"అంటే... గా పెట్టెల వచ్చింది?"

మమతారాణి తల ఊపింది.

"గీ ఊర్లెనే కాల్చిన్రా నా కొడుకును?"

"అవునమ్మా."

"నేను బస్సులొచ్చినప్పుడల్లా సూసిన బిడ్డా. పన్నెండేండ్లు. దిగుతడేమో అని." ఆమె గోడకు ఆనుకుంది. "నిప్పు ఎవలు పెట్టిన్రు? అనాథ లెక్క పోయిండా?"

"లేదవ్వా." చెప్పింది కమలవ్వ. "మా ఆయన పెట్టిండు. పదకొండు దినాలు చేసిండు. గుండు చేయించుకున్నడు. సొంతోనికి చేసినట్టే చేసిండు."

చంద్రవ్వ ఆమెను అప్పుడే చూసినట్టు చూసింది. చేతికి గాజులు ఇంకా ఉన్నాయి. నుదుట బొట్టు ఇంకా ఉంది.

"నీ పెనిమిటి ఇప్పుడు యాడున్నడు?"

"దవాఖానల. పొద్దుగూకినంక ఇస్తమన్నరు."

ఖానాపూర్ ఆఖరి బస్సుకు టైమవుతోందని కానిస్టేబుల్ ఎవరో వచ్చి చెప్పాడు. ఆడమనిషి ఒక్కతే కదా, స్టాండు దాకా జీపులో దించుతామన్నాడు. చంద్రవ్వ వినలేదు. తడి కొంగు పిండి భుజాన వేసుకుంది. తానే కమలవ్వ పక్కకు వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నడువు బిడ్డా. దవాఖానకు పోదాం. నేనొస్త."