ఆలంబీ పెట్టిన పాస్‌వర్డు

"కామరాజూ, ఆ చిట్కుల్ కుర్రాళ్ళ టూల్‌లో దొంగ ఫైలు పెట్టింది నేనే."

పటాన్‌చెరు బస్టాండులో ఏజెంట్ కామరాజు ఫోను చెవికి నొక్కుకున్నాడు. అవతల కమలాకుమారి. విదేశీ ముఠాకు నమ్మకస్తురాలు. అసలు జీతం మన గూఢచారి డిపార్ట్‌మెంటుది.

"పెట్టకపోతే అక్కడే చంపేవాళ్ళు. ఆరింటికి కొత్త వెర్షన్ దానంతటదే రిలీజ్ అవుతుంది. ఆపించు."

అవతల గాజు భళ్ళున పగిలింది. లైను కట్.

ఆ టూల్ చేసింది చిట్కుల్‌లోని ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు, లతీఫ్, నర్సింహులు. చదువుకునే వేళ బ్రౌజర్‌లో చాటింగు, క్రికెట్ స్కోర్లు తెరుచుకోకుండా మూసేస్తుంది. చుట్టుపక్కల పిల్లలందరి కంప్యూటర్లలోకీ ఎక్కింది. అవే కంప్యూటర్లలో క్షిపణి భాగాల ఫ్యాక్టరీ ఇంజినీర్లయిన తండ్రులు డ్రాయింగులు దాచుకుంటారు. ఆరు దాటితే అవన్నీ దేశం దాటతాయి.

ఇన్‌స్పెక్టర్ వేషంలో కామరాజు లతీఫ్ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆరుకు పావుగంట తక్కువ.

"వెంటనే రిలీజ్ ఆపండి!"

"మా అకౌంట్ మాకే తెరుచుకోదు సార్," నర్సింహులు అన్నాడు. "టూల్ బాగుచేసుకుంటనే కూసున్నం, చదువుడు బంద్ అయింది. అందుకే పరీక్షలయ్యే దాక పాస్‌వర్డు లతీఫ్ వాళ్ళ అమ్మీతోని మార్పిచ్చినం. మెయిల్‌ది గూడ. ఇప్పుడు కాళ్ళు మొక్కినా చెప్పది."

వెనక గదిలో లతీఫ్ తల్లి ఆలంబీ ఫ్యాక్టరీ యూనిఫారాలు కుడుతోంది. తల ఎత్తలేదు.

"ఇంకో పోలీసా? మొన్న ప్రిన్సిపాల్ ఫోన్ చేసిండు. నిన్న ఇన్‌స్పెక్టర్ వచ్చిండు, చాయ్ తాగుతుంటే మీసం గ్లాసుల పడ్డది."

ఆ వేషాలు వేయించిన లతీఫ్ నేలచూపులు చూశాడు.

"అమ్మా, ఇది దేశ రహస్యం..."

"నిన్నటాయన గూడ గదే అన్నడు." లేచి ఒక్క గుంజు గుంజింది. కామరాజు మీసం ఆమె చేతిలోకి వచ్చింది.

గోడ గడియారం ఆగేలా లేదు. కామరాజు టోపీ తీశాడు. విగ్గు తీశాడు. పిస్తోలు, లైటర్ కెమెరా యూనిఫారాల కుప్ప మీద పెట్టి నేల మీద కూలబడ్డాడు.

"ఇగ నా దగ్గర ఏ వేషం లేదమ్మా. పాస్‌వర్డు నాకు చెప్పకు. వీళ్ళకూ చెప్పకు. నువ్వే వచ్చి కొట్టు."

ఆలంబీ అతని పెదవి కేసి చూసింది. మీసంతో పాటు తోలు లేచింది. గుడ్డ పేలిక తడిపి చేతికిచ్చింది.

"తుడుచుకో బేటా. చెప్పకు అన్నది నువ్వొక్కనివే. నడువు."

కీబోర్డు ముందు కూర్చుని, "అందరు మొహాలు తిప్పుండ్రి," అంది. ఇద్దరు విద్యార్థులూ ఒక సీక్రెట్ ఏజెంటూ గోడకేసి తిరిగి నిలబడ్డారు. టక్. తర్వాతి అక్షరం వెతుకుతున్నట్టుంది. మళ్ళీ టక్.

"జల్దీ అమ్మీ!"

"చుప్! నీ లొల్లికి తప్పు పడ్డది. మళ్ళ మొదటికెళ్ళి."

కామరాజు కళ్ళు మూసుకున్నాడు. టక్. టక్.

"తెరుచుకున్నది."

లతీఫ్ మౌస్ మీద పడ్డాడు. ఫైలు డిలీట్. రిలీజ్ క్యాన్సిల్. గడియారం ఆరు కొట్టడం మొదలుపెట్టింది.

ఫోన్లో మెసేజ్: "చెయ్యి విరిగింది. బతికే ఉన్నా. కమల." కామరాజు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

ఆ కాసేపట్లోనే ఆలంబీ కొత్త పాస్‌వర్డు పెట్టేసింది.

"అమ్మా, ఆ ఫైలు ఎక్కడికెళ్ళి వచ్చిందో ఆ అకౌంట్‌లనే ఉంది, సాక్ష్యం కాపీ చేసుకోవాలె!" అన్నాడు కామరాజు.

"పరీక్షలైనంక రా."

ఢిల్లీ నుంచి చీఫ్ ఫోన్. "వెల్‌డన్! ఎవిడెన్స్ ఎప్పుడొస్తుంది?"

కామరాజు కుర్రాళ్ళిద్దరినీ ఎగాదిగా చూశాడు.

"వీళ్ళు పాసైతే వచ్చే నెల సార్. ఫెయిలైతే, సప్లిమెంటరీ తర్వాత."