పల్లేరు కషాయం, రెండో డోసు

"రెండో డోసులో విషం పడుతుంది," అన్నాడు చీఫ్. "తాగినవాళ్లు పోతే కషాయం పరీక్ష మూతపడుతుంది. ఇక పల్లేరు పేరెత్తేవాడుండడు. విషం వేయించే విదేశీ మందుల ముఠా తన మాత్రలు అమ్ముకుంటుంది. తాగడానికొచ్చిన మనిషిలా వెళ్లి, విషం కలిపే చేతిని పట్టుకో."

"పరీక్ష ఆపించేస్తే పోదా, సార్?"

"ఆపితే ఆ చేయి ఇంకో ల్యాబులో దూరుతుంది. లోపల మన ఏజెంటు ఒకావిడ ఉంది. 'వాన పడేలా ఉందా?' అను. 'గొడుగు మర్చిపోయా' అంటుంది."

ఈ పని పడ్డ ఏజెంటును ఆఫీసులో తొండ అంటారు. రంగులు మార్చడంలో దిట్ట. గుండె మాత్రం పిచ్చుకది.

అతికించిన గడ్డంతో ల్యాబులో అడుగుపెట్టగానే ఆ గుండె కాస్తా జారి కాళ్లలో పడింది. మొదటి కుర్చీలో అక్క మొగుడు! లారీ డ్రైవరు. కూర్చుని కూర్చుని కాళ్లు వాచాయి, నీరు లాగే మందంటే వచ్చి కూర్చున్నాడు.

బావ గుర్తుపట్టలేదు. "చేతులలా వణుకుతున్నాయేమండీ? మా బామ్మర్దీ ఇంతే. బల్లి అరిస్తే మంచమెక్కుతాడు."

తొండ నవ్వలేక, ఏడవలేక తలూపాడు.

సైంటిస్టు అందరికీ మొదటి డోసు పోసింది. "మూత్రం వచ్చినంతా మీ నంబరు జాడీలో పట్టి నడవలో బల్ల మీద పెట్టండి. కొలవాలి. రెండో డోసు ఆ కెటిల్లో ఉంది. ఎవరూ ముట్టుకోకండి," అని పక్క గదిలోకి వెళ్లింది.

తొండ కళ్లు మూసుకుని మింగాడు. పక్కన ఎర్ర స్కార్ఫు అందగత్తె ఖాళీ గ్లాసు దించింది.

"వాన పడేలా ఉందా?" అన్నాడు మెల్లగా.

"గొడుగు మర్చిపోయా."

తొండకు ప్రాణం లేచొచ్చింది.

మందు పని మొదలెట్టింది. ఒక్కొక్కరే లేచి పరుగు. ఆమె కూడా వెళ్లి, తన జాడీ బల్ల మీద పెట్టి వచ్చింది. తొండ మాత్రం కెటిల్ మీంచి చూపు తిప్పకుండా తొడలు బిగించి కూర్చున్నాడు. నుదుటి నిండా చెమట.

"ఎంతసేపు బిగబడతారు? వెళ్లి రండి. నేను చూస్తుంటాగా," అందామె.

వెళ్లాడు. తిరిగొచ్చి తన జాడీ పెడుతుంటే వేళ్లు పక్క నంబరుకు, ఆమె జాడీకి తగిలాయి. నిండుగా ఉంది. చల్లగా ఉంది.

తనది వెచ్చగా ఉంది.

కుళాయి నీళ్లు! మందు గొంతు దిగినవాళ్లెవరూ కుర్చీలో నిలవలేరు. అందరూ పరుగెత్తాక కెటిల్ దగ్గర మిగిలేది తాగని మనిషే. ఆ మనిషినే, మన ఏజెంటని నమ్మి, తను కాపలా పెట్టి వచ్చాడు!

గుమ్మంలోకి వచ్చేసరికి సైంటిస్టు కెటిల్ వంచి మొదటి గ్లాసు నింపి ఇచ్చేసింది. బావ ఎత్తుతున్నాడు. తొండ అరిచాడు. అది ఏజెంటు గొంతు కాదు, బామ్మర్దిది.

"బావా! తాగొద్దు బావా!"

గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది. ఎర్ర స్కార్ఫు అందగత్తె హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టలు తీసి తొండ రొమ్ముకు గురిపెట్టింది. బావ కషాయం ఆమె కళ్లలో కొట్టి, మణికట్టు పట్టి స్టీరింగులా తిప్పాడు. పిస్టలు నేలమీద పడింది.

"ఏంట్రా ఈ గడ్డం? మీ అక్కకి తెలుసా?"

"చెప్పకు బావా, చంపేస్తుంది."

తొండ చొక్కా బొత్తాంలోని రేడియోలో చీఫ్ గొంతు గరగరలాడింది. "శభాష్! ఇంతకీ ఆ పల్లేరు పనిచేస్తుందా?"

తొండ అప్పటికే నడవలో పరుగు తీస్తున్నాడు. అది కషాయం మహిమో, భయం మహిమో ఇంతవరకూ ఏ ల్యాబూ తేల్చలేదు.