కడ్లో సొరంగంలో కేక

కడ్లో సొరంగానికి మంచి పేరు లేదు. ఇంగ్లండు మధ్య జిల్లాల్లో, ఆ కాలవ మీద పడవల్లో కాపురముండే వాళ్ళెవరూ పొద్దువాలాక అందులోకి పోరు. నేనూ చాలా ఏళ్ళు అక్కడే పడవ కట్టుకుని ఉన్నాను. నేనూ పోలేదు.

కథ ఇది. గుర్రాలు పడవలు లాగిన రోజుల్లో కెజియా అనే ఆవిడ, మొగుడు ఈనక్‌తో కలిసి బొగ్గు పడవ నడిపేది. ఒక రాత్రి సొరంగం మధ్యలో చీకటికి జడుసుకుంది... కెవ్వున కేకేసింది... నీళ్ళలో పడింది. ఈనక్ ఒక్కడే బయటికొచ్చాడు. కెజియా ఇంకా అక్కడే ఉందనీ, పొడుగాటి జుట్టుతో పడవల్ని అడుగునుంచి పట్టి ఆపుతుందనీ చెప్తారు. కేక కూడా విన్నామంటారు.

ఆడదాని కేక — అందరిదీ అదే మాట.

ఇక గ్వెండా సంగతి. ఆమె చెప్పగా నేను విన్నదే ఇదంతా.

గ్వెండా, ఆమె మొగుడు నైజెల్ ఉద్యోగాలు అయిపోయాక ఇల్లమ్మి, కాపురముండే సన్నపాటి పడవ కొనుక్కున్నారు. దాని పేరు ‘పేషెన్స్’, అంటే ఓర్పు. పేరు పెట్టింది నైజెల్. ఓర్చుకునేది గ్వెండా. చుక్కాని పట్టడంలో ఆమెది చెయ్యి తిరిగిన పని. ఆ సంగతి నైజెల్‌కీ తెలుసు, అందుకే ఎప్పుడూ పక్కన నిలబడి నేర్పుతూ ఉండేవాడు.

ఆ అక్టోబరు శనివారం సొరంగానికి అవతల, కాలవ గట్టు మీది పబ్బులో పడవల సంఘం భోజనాలు. వచ్చే వసంతంలో కొత్తవాళ్ళకి చుక్కాని పట్టడం ఎవరు నేర్పాలో ఆ రాత్రే తేల్చాలి. రెండు పేర్లున్నాయి. ఒకటి నైజెల్‌ది. రెండోది గ్వెండాది — పడవలో పుట్టి పడవలో పెరిగిన ఐరిస్ సూచించింది. ఆ పని తనకి కావాలని గ్వెండా ఎవరితోనూ అనలేదు. కానీ కావాలి. చాలా కావాలి.

పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె చుక్కాని వైపు చూసింది. దాని మీద నైజెల్ తెల్ల గుర్రపు తోక వేలాడదీశాడు. పాతకాలం పడవలవాళ్ళు తమ గుర్రం చచ్చిపోతే గుర్తుగా అలా కట్టుకునేవాళ్ళు. నైజెల్ జన్మలో గుర్రాన్ని తోలలేదు. తోక మటుకు కొన్నాడు.

“నీళ్ళకి తగులుతోంది. పైకి కట్టు,” అంది.

“తగలాలి బంగారం. అందం అదే.” గట్టు మీద ఎవరైనా ఉన్నప్పుడే ఆమెని బంగారం అంటాడు.

మొదటి లాకు దగ్గర అద్దె పడవ ఒకటి అడ్డం తిరిగి ఇరుక్కుంది. దాన్ని లాగేసరికి మధ్యాహ్నమైంది. ఆ పై లాకు దాటితే కాలవలో నీళ్ళే లేవు, రాత్రి ఎవరో తూము మూయకుండా పోయారు. పైనుంచి నీళ్ళు వదిలి, నిండేదాకా టీ తాగుతూ కూచున్నారు. ఎండ వాలుతుండగా నైజెల్‌కి ఓపిక పోయి, మలుపులో ఆమె చేతిలోంచి చుక్కాని లాక్కున్నాడు.

“మలుపుని ఇట్లా కోసుకుపోవాలి. చూడు.”

పడవ వెళ్ళి బురదలో కూచుంది.

“కాలవ అడుగు పైకొచ్చినట్టుంది,” అన్నాడు.

“నీకోసమే వచ్చింది పాపం.”

ఇంజను వెనక్కి తిప్పి, నీళ్ళన్నీ కలియదిప్పి, మొత్తానికి బయటపడ్డారు. సొరంగం ముందుకొచ్చేసరికి చీకటి పడుతోంది, కాస్త మసక వెలుతురే మిగిలింది. అక్కడ పడవ కట్టడానికి గట్టు లేదు, వెనక్కి తిప్పడానికి వెడల్పు లేదు.

“పోదాం. పోక ఏం చేస్తాం,” అన్నాడు నైజెల్. గొంతు తేడాగా ఉంది.

లోపలికి పోయారు... పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు. పడవ ముందున్న దీపం ఎదుటి గోడకే వెలుగు, వెనక చుక్కాని దగ్గర ఎవరి చెయ్యి వాళ్ళకి కనపడదు. వెనక సొరంగం నోటి వెలుతురు మూకుడంతై... గింజంతై... పోయింది.

సరిగ్గా మధ్యలో ఇంజను మూలిగింది. పడవ ఆగింది.

ఎవరో అడుగునుంచి పట్టుకున్నట్టు.

“ప్రొపెల్లర్‌కి ఏదో చుట్టుకుంది,” గ్వెండా గుసగుసగా అంది. “నేను చూస్తా, జరుగు.”

“నువ్వుండు.” నైజెల్ ఇంజను ఆపాడు. కాళ్ళ దగ్గర చిన్న మూత ఉంటుంది, అది తీసి చెయ్యి పెడితే ప్రొపెల్లర్ తగులుతుంది. మోకాళ్ళ మీద కూచుని మోచేతి దాకా పెట్టాడు. రెండో చేతిలో టార్చి జారి నీళ్ళలో పడింది. చీకట్లో తడుముతున్నాడు... తడుముతున్నాడు...

“గ్వెన్,” అన్నాడు మెల్లిగా. “జుట్టు.”

ఆ వెంటనే కేక. సొరంగం పొడుగునా కొట్టుకుంటూ, సన్నబడి, అవతల బయటపడ్డ కేక.

గ్వెండా అతన్ని పక్కకి నెట్టింది. వంటింట్లో రొట్టె కోసే కత్తి తెచ్చి, నడుందాకా వంగి, చన్నీళ్ళలో వేళ్ళు కొంకర్లు పోయేదాకా కోసింది. గుప్పెడు గుప్పెడు పైకి తీసింది. ఆఖరి గుప్పెడులో ముడి వేళ్ళకి తగిలింది. నైజెల్ వేసిన ముడే. అందంగా వేస్తాడు, బిగించడు.

“నీ తోకే,” అంది. బక్కెట్లో పడేసింది.

అతను మెట్టు మీద కూచుని వణుకుతున్నాడు. “ఎవరికీ చెప్పకు,” అన్నాడు. ఆమెకి జాలేసింది. ఎన్ని కొంపలు మునిగాయో ఆ జాలి వల్ల.

అవతలి నోటి దగ్గర సంఘం వాళ్ళంతా లాంతర్లతో నిలబడి ఉన్నారు.

“కేక విన్నాం. ఎవరు అరిచింది?”

నైజెల్ మెట్టు మీంచి లేచాడు.

“గ్వెండా,” అన్నాడు నైజెల్. “జడుసుకుంది పాపం. ఏం కాదు బంగారం, వచ్చేశాం.”

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె తలూపింది. ఎవరూ మెడ పట్టుకుని ఊపలేదు. తనే ఊపింది.

భోజనాల దగ్గర ఆమె భుజం మీద శాలువా కప్పారు. ఎవరో బ్రాందీ పోశారు. ఐరిస్ పక్కన కూచుని, “నీ పేరు సూచించింది నేనే గ్వెండా,” అంది ఇబ్బందిగా. “కానీ కొత్తవాళ్ళని సొరంగంలోకి తీసుకెళ్ళాలి కదా. అక్కడ నువ్వే అరిస్తే...”

“నిజమే,” అంది గ్వెండా.

నైజెల్‌కే ఓటని అందరూ చేతులెత్తారు. ఆమె కూడా ఎత్తింది.

రాత్రి నిద్ర పట్టలేదు. బక్కెట్లో తోక నూనె కంపు కొడుతోంది. పక్కన నైజెల్ గురక. నిద్ర పట్టనిది సిగ్గు వల్లని తెలియడానికి ఆమెకి కొంతసేపు పట్టింది. అప్పుడు గుర్తొచ్చింది కెజియా. సొరంగంలోకి ఇద్దరు వెళ్ళారు. బయటికొచ్చి కథ చెప్పింది ఒకడు. తను బతికుండి, నోరుండి, పక్కన నిలబడి కూడా నైజెల్ కేకని నెత్తినేసుకుంది. చచ్చిపోయినదాని నెత్తిన వెయ్యడం ఈనక్‌కి ఎంత పని?

పొద్దున తిరుగు ప్రయాణం, మళ్ళీ అదే సొరంగం. గట్టు నిండా జనం.

“గ్వెండా లోపల పడుకుంటుంది,” నైజెల్ అందరికీ వినపడేలా చెప్తున్నాడు. “నిన్నటి భయం ఇంకా పోలేదు.”

గ్వెండా బక్కెట్టు పట్టుకుని వచ్చింది. అందరి ముందూ తోక తీసి చుక్కానికి కట్టింది. కత్తి కోతలకి చీలికలైన, నల్లబారిన తోక. ముడి గట్టిగా బిగించింది.

ఐరిస్ దాన్ని చూసింది. “ఇదేమిటి?”

“నైజెల్ తోక. నిన్న ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. కోసి తీసింది నేను.”

“మరి అరిచింది?”

“చీకట్లో పట్టుకున్నవాళ్ళు అరుస్తారు. కోసేవాళ్ళకి తీరికెక్కడిది?” ఆమె ఐరిస్ వైపు తిరిగింది. “రాత్రి నేను తలూపాను ఐరిస్. అది నా తప్పు. కేక మాత్రం నాది కాదు.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదేమో నైజెల్‌కి. చెవులు కందగడ్డలై, గట్టుకి కట్టిన తాడు వంక చూస్తూ నిలబడ్డాడు.

“పడవలోకి రా,” అంది గ్వెండా. “చుక్కాని నేను పడతా.”

సొరంగంలో పొద్దున కూడా రాత్రే. అతను ఆమె మోకాళ్ళ దగ్గర, మెట్టు మీద ముడుచుకుని కూచున్నాడు. వెనక వెలుతురు గింజంతై... పోయింది. సరిగ్గా మధ్యలోకి వచ్చారు.

కేక వినపడింది.

దగ్గరగా. నీళ్ళకి ఆనుకుని. పొడుగ్గా... ఆగకుండా...

ఆమె కాలు అతను రెండు చేతులా పట్టుకున్నాడు. “నేను కాదు గ్వెన్,” గుసగుసలాడాడు. “ఒట్టు, నేను కాదు.”

“తెలుసు,” అంది గ్వెండా. పెదాలు బిగించి, చుక్కాని వదలకుండా, చెవులు రిక్కించి విన్నది.

అది మగవాడి గొంతు.