పాలిష్ షెడ్డులో గీకుడు చప్పుడు

చీకటి పడ్డాక ఆ పాలిష్ షెడ్డు ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదు. మందుల షాపుకి వెళ్ళాలన్నా వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోయేవారు. కుక్కలు కూడా అటు మొహం పెట్టవని చెప్పుకునేవారు. కుక్కల సంగతి నేనెరగను గానీ, మనుషుల సంగతి మాత్రం నిజం.

పగలు చూస్తే అందులో భయపడడానికి ఏముంది? రేకుల కప్పు, రెండు షట్టర్లు, లోపల మూడు కార్లు పట్టే చోటు. నీళ్ళ పైపులు, పాలిష్ మిషన్లు, తాడు మీద ఆరేసిన మెత్తటి గుడ్డలు. బావా బావమరుదులిద్దరూ కలిసి నడిపే షెడ్డు అది. ఎంత పాత కారైనా సరే, వాళ్ళ చేతిలో పడిందంటే అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు అనేవారు.

అలాంటి చోట, రాత్రిళ్ళు, ఒక చప్పుడు.

గీక్... గీక్... గీక్...

ముందు విన్నది పక్క కొట్టు బ్యాటరీల ఆయన. కొట్టు కట్టేసి బయల్దేరబోతుంటే, మూసిన షట్టర్ వెనక నుంచి — రేకు మీద గోళ్ళతో గీకినట్టు. ఎలుక అనుకున్నాడు. ఎలుకైతే అలా ఆగి ఆగి, ఆలోచించుకుని గీకదు కదా... కొట్టుకి తాళం వేశాడో లేదో కూడా చూసుకోకుండా ఇంటికి పరిగెత్తాడు.

తర్వాత ఎదురు మేడ మీద బట్టలు కుట్టే ఆవిడ. ఆవిడ చప్పుడే కాదు, షట్టర్ కింది సందులోంచి వెలుతురు కూడా చూసింది. తెల్లటి వెలుతురు. కదులుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. ఆ పైన... ఏడుపు.

"ఆడమనిషి ఏడుపే," అందావిడ గొంతు తగ్గించి. "నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చినట్టు..."

ఇంకేముంది, గోరంత కొండంతయింది. ఆడమనిషి అనగానే అందరికీ ఒక్కరే గుర్తొచ్చారు. పైకి అనడానికి నోరు రాక చెవులు కొరుక్కున్నారు. ఆ షెడ్డులో ఆడమనిషి అంటే ఒక్కతే — బావకి భార్య, బావమరిదికి అక్క. జ్వరమని తన కాళ్ళతో తను నడిచి ఆస్పత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు. ఆవిడ పోయి అప్పటికింకా ఏడాది కూడా కాలేదు.

ఆ అక్క మామూలు మనిషి కాదు. మగాళ్ళిద్దరూ రోజంతా రుద్ది, హమ్మయ్య అయిపోయిందని నడుం వాల్చాక ఆవిడ వచ్చేది. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద నిమిరేది. ఉత్తి చేతికి తెలియని గరుకు కవరు తొడిగిన చేతికి తెలిసిపోతుంది. "ఇక్కడ ఇంకా దుమ్ముంది, మళ్ళీ చెయ్యండి," అనేది. టార్చిలైటు ఏటవాలుగా వేసి, మిషన్ తిరిగిన జాడలు సాలెగూడులా కనపడితే మళ్ళీ మొదటికే. "కారు యజమాని కూడా ఇంత చూడడే తల్లీ," అని బావ మొత్తుకునేవాడు.

తమ్ముడికి పని నేర్పింది ఆవిడే. "ఒరేయ్ చిన్నోడా, బానెట్ ఎవడైనా మెరిపిస్తాడు. ఎవరూ చూడని చోట చెయ్యి పెట్టు. పనివాడెవడో అక్కడ తెలుస్తుంది," అని చెప్పేది. ఆ మాట వాడికి రాతి మీద రాత.

ఆవిడ పోయినప్పుడు వాడు దగ్గర లేడు. పెళ్ళికి పంపాల్సిన కారుకి ఆఖరి వాక్స్ పట్టిస్తున్నాడు. వాక్స్ ఎక్కువ ఆరిపోతే మరకలు కడుతుంది, తుడవడం కష్టం. "ఇది తుడిచేసి వచ్చేస్తానక్కా," అని ఫోనులో చెప్పాడు. తుడిచేసే బయల్దేరాడు. వెళ్ళేసరికి మొహం మీద దుప్పటి కప్పేశారు. చివరిదాకా "చిన్నోడొచ్చాడా?" అని అడుగుతూనే ఉందట. ఆ మాట వాడిని లోపల్లోపల తినేస్తోంది.

అందుకే వీధంతా హడలి చస్తుంటే వాడికి భయం వేయలేదు. ఆశ పుట్టింది.

"మీకేమైనా పిచ్చా? రాత్రిపూట అక్కడికి పోతారా?" అంది వాడి భార్య.

"దెయ్యమైతే ఏంటే? మా అక్కేగా. ఒక్కసారి కనిపిస్తే చాలు. వచ్చానక్కా అని చెప్పుకుంటాను."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

అసలు ఆ చప్పుడు ఎప్పుడు మొదలైందో వాడికి బాగా గుర్తు. షెడ్డు చివర, గోడ పక్కన బావ సొంత కారు ఉంటుంది. పాత నల్ల కారు. అక్క పోయినప్పటి నుంచి బావ దాన్ని బయటికి తీయలేదు, కడగలేదు, ముసుగు కప్పేసి వదిలేశాడు. ఊళ్ళో కార్లన్నీ తళతళలాడుతుంటే అక్క ఎక్కిన కారు దుమ్ము కొట్టుకుపోవడమా అని తమ్ముడికి మనసు ఒప్పలేదు. ఒక సెలవు రోజు, బావ ఊళ్ళో లేనప్పుడు, ముసుగు లాగేశాడు.

ముందు నీళ్ళతో మట్టి వదిలించాడు. బంకమట్టిలా మెత్తగా ఉండే క్లే ముద్దతో ఒళ్ళంతా పామి గరుకు తీశాడు. ముతక పాలిష్ పెట్టి గీతలు, సన్న పాలిష్ పెట్టి ఆ ముతక పాలిష్ జాడలు తీశాడు. ఆఖర్న వాక్స్ పల్చగా పట్టించి, ఆరనిచ్చి తుడిచాడు. మిషన్ పట్టని సందుల్లో వేలికి గుడ్డ చుట్టుకుని రుద్దాడు. పొద్దు గూకేసరికి ఆ నలుపులో దిగితే మునిగిపోతామేమో అన్నంత లోతుగా వచ్చింది మెరుపు. అక్క చూస్తే ఒక్క వంక పెట్టేది కాదు అనుకున్నాడు.

బావ వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. అక్క ఎక్కే వైపు తలుపు దగ్గర ఆగి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. "బాగా చేశావురా," అని మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాడు. అంతే.

ఆ తర్వాతే చప్పుడు మొదలైంది. తన పని చూడ్డానికే అక్క వస్తోందని తమ్ముడి నమ్మకం. పాపం, అంతకంటే వాడికేం కావాలి?

"బావా, వీధిలో ఏమనుకుంటున్నారో విన్నావా?" అని అడిగాడు ఒకరోజు.

"అనుకోనీరా." బావ బకెట్లో షాంపూ కలుపుతున్నాడు. ఈ మధ్య బావ ఎప్పుడు చూసినా చేతులకి గ్లోవ్స్‌తోనే ఉంటున్నాడు. పాలిష్ మందులు పడక చేతులు పగిలాయేమోనని తమ్ముడు అనుకున్నాడు.

"నీకేమైనా వినిపించిందా?"

"రాత్రిళ్ళు నేను ఇంట్లో ఉంటానుగా," అన్నాడు బావ తలెత్తకుండా.

ఆ రాత్రి తమ్ముడు వెనక తలుపు తీసుకుని షెడ్డులో దూరాడు. లైటు వేయలేదు. లైటు వేస్తే అక్క రాదేమోనని వాడి భయం. డబ్బాల అలమర పక్కన నేల మీద చతికిలబడ్డాడు. వాక్స్ వాసన... ఎక్కడో పైపులోంచి చుక్క చుక్కగా నీళ్ళు... రేకుల మీద గాలి.

కూర్చుని కూర్చుని కళ్ళు మూతలు పడ్డాయి.

గీక్...

కళ్ళు తెరిచాడు.

గీక్... గీక్...

నల్ల కారు అవతల, గోడ వైపు, నేల మీద వెలుతురు. గోడ మీద ఒక నీడ — తల వంచుకుని, చెయ్యి పైకెత్తి, అక్క ఎక్కే తలుపుని పట్టుకుని...

అప్పుడు ఏడుపు వినిపించింది. గుక్క పట్టి, బయటికి రానివ్వకుండా మింగేస్తున్న ఏడుపు. ఆ ఏడుపు విన్నాక ఇక ఆగలేకపోయాడు. అలమర పట్టుకుని లేచాడు.

"అక్కా..."

చప్పుడు ఆగిపోయింది.

"వచ్చానక్కా... ఆ రోజు ఆలస్యమైంది. నువ్వు అడుగుతూనే ఉన్నావట. వచ్చాను..."

ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తర్వాత —

"నేనురా," అంది చీకట్లోంచి ఒక గొంతు. "నేనే."

బావ.

దెయ్యం కాదని తెలిస్తే ఎవరికైనా పోయిన ప్రాణం లేచొస్తుంది. వాడికి మాత్రం ఉన్న ప్రాణం ఉసూరుమంది. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బావ లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు గానీ, ఓదార్చడానికి ఆయన దగ్గర మాత్రం ఏముంది?

"ఏం చేస్తున్నావు బావా ఇక్కడ?" అని అడిగాడు చివరికి.

బావ టార్చి ఎత్తి తలుపు మీద వేశాడు. హ్యాండిల్ వెనక వేళ్ళు దూరడానికి చిన్న గుంట ఉంటుంది కదా, అక్కడ.

"ఇక్కడ మీ అక్క గోళ్ళ గీతలుండేవిరా," అన్నాడు. "తలుపు నెమ్మదిగా తీయడం తనకి ఏనాడైనా వచ్చిందా? గబుక్కున వేళ్ళు దూర్చి లాగేది. ఏళ్ళ తరబడి లాగి లాగి గీతలు పడ్డాయి. పాలిష్ చేసేవాడి కారుకి ఇవేంటే అంటే, చేతిలో పనుందిగా, తీసేసుకోండి అని నవ్వేది. రేపు తీస్తా, ఎల్లుండి తీస్తా అంటూ ఉండిపోయాను. తను పోయాక... రోజూ పొద్దున్నే ముసుగు కొంచెం ఎత్తి నా వేళ్ళు అందులో పెట్టుకునేవాణ్ణి. అప్పుడే ఆ రోజు గడిచేది."

ఎవరూ చూడని చోటని, వేలికి గుడ్డ చుట్టుకుని, తమ్ముడు మనసు పెట్టి రుద్దింది ఆ గుంటనే. అక్క నేర్పిన పనితోనే అక్క జాడ లేకుండా చేశాడు.

"ఒక్క మాట చెప్పలేకపోయావా బావా?"

"ఏం చెప్పమంటావు? ప్రేమతో చేశావు. చెబితే బతికినన్నాళ్ళూ మోస్తావు. ఆ పెళ్ళి కారు బాధ మోస్తున్నది చాలదా?"

బావ చేతులకి గ్లోవ్స్ లేవు. పాలిష్ పనిలో ఉన్నవాడెవడూ గోళ్ళు ఉంచుకోడు. తగిలితే రంగు మీద గీత పడుతుందని మొదలంటా తీసేస్తాడు. బావ కుడి చేతికి గోళ్ళు పొడుగ్గా పెరిగి ఉన్నాయి. రెండు విరిగాయి. కొసల్లో నెత్తురు ఎండిపోయింది.

"ఆ గీతలు రావడం లేదురా," అన్నాడు బావ. "తనవి సన్నగా, కొంచెం వంకరగా పోయేవి. నావి లావుగా తిన్నగా పడుతున్నాయి. తప్పు పడ్డప్పుడల్లా పాలిష్ పెట్టి తీసేసి, మళ్ళీ మొదలుపెడుతున్నాను."

తమ్ముడు టార్చి దగ్గరగా పట్టాడు. ఎన్నిసార్లు ఓర్చుకుంటుంది రంగు మాత్రం? పైపూత పోయింది, నలుపు పోయింది, అడుగున బూడిదరంగు బయటపడింది. ఇక అక్కడ గీయడానికి ఏమీ మిగల్లేదు. ఆ సంగతి చెప్పుకోవాల్సిన అవసరం వాళ్ళిద్దరికీ లేదు.

ఎదురింటావిడ విన్న ఏడుపు ఎవరిదో కూడా వాడికి తెలిసింది. మగవాడు అలా ఏడవడం ఆ వీధిలో ఎవరూ విని ఉండరు, అందుకే ఆడగొంతు అనుకున్నారు.

"పొద్దున్నే అందరికీ చెప్పేస్తాను బావా. దెయ్యమూ లేదు, ఏమీ లేదు, నువ్వేనని. లేకపోతే పగలు కూడా కార్లు రావు, ఈ షెడ్డు మూసుకోవాల్సిందే."

"చెప్పు. చెప్పాలి," అన్నాడు బావ. "ఒకటేరా... ఇంట్లో ఎవరూ తన పేరెత్తరు, నేను బాధపడతానని. మన వీధిలో టీ కొట్టు దగ్గర మాత్రం రోజూ తన మాటే. ఇక్కడే ఉంది, ఇక్కడే తిరుగుతోంది అంటారు. అది వినడానికే రోజూ అక్కడికి వెళ్తున్నాను," అన్నాడు.

తెల్లారి షట్టర్ ఎత్తేసరికి ఎదురుగా బ్యాటరీల ఆయన, బట్టలు కుట్టే ఆవిడ, వాళ్ళ వెనక టీ కొట్టతను. రాత్రి తమ్ముడు లోపల పడుకున్నాడని ఎలాగో పొక్కింది. ఉబ్బిన వాడి కళ్ళు చూసి ముగ్గురూ దగ్గరికి జరిగారు.

"ఏం బాబూ... కనిపించిందా?" అంది ఆవిడ గుసగుసగా.

వాడు నోరు తెరిచాడు, దెయ్యమూ లేదు ఏమీ లేదు అని చెప్పడానికే. వెనక బావ బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడు వెనక్కి తిరిగి బావ మొహం చూశాడు.

"కనిపించింది పిన్నిగారూ," అన్నాడు. "మా అక్కే."

ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. బ్యాటరీల ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"మరి... భయం వేయలేదా?"

"అక్క దగ్గర భయమేంటండీ."

వెనకాల బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. రాత్రంతా పక్కనే కూర్చున్న మనిషి, అంతా తెలిసిన మనిషి, ఒక్కో అడుగే వేసుకుంటూ వాడి దగ్గరికొచ్చాడు.

"ఏమందిరా?" అని అడిగాడు బావ.

వాడు ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"గోళ్ళు తీసేసుకోమంది బావా."