చుక్కాని చెప్పిన అర్థం

"అబద్ధం చెబుతోందండీ ఇది," అన్నాడు సంగాడి నూకరాజు, యంత్రం చుక్కాని పిడి మీంచి చెయ్యి తీయకుండానే.

విశాఖపట్నం ల్యాబ్‌లో ఉన్న ఇంజినీర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆరేళ్ల కష్టాన్ని తాళ్లరేవు పడవల మేస్త్రి ఒక్క మాటలో తీసిపారేశాడు మరి! యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ వసుమతికి మాత్రం కోపం రాలేదు.

నిఘంటువు మాటకి అర్థం చెబుతుంది. ఈ యంత్రం ఆ అర్థాన్ని చేతికి తెలిసేలా చేస్తుంది. ఇంగ్లీషులో 'యేర్' అని ఓ పాత విశేషణం ఉండేది. వెయ్యేళ్ల కిందట, సిద్ధంగా ఉన్న దేన్నైనా అలా అనేవారు. తరవాత నావికులు దాన్ని సొంతం చేసుకున్నారు. చుక్కాని తిప్పీ తిప్పగానే మాట వినే ఓడ యేర్. ఆవిరి ఓడలొచ్చాక ఆ మాటకి పని తగ్గిపోయింది, పాత నాటకాల్లో మిగిలింది. ఆ మాటున్న ప్రతి వాక్యాన్నీ యంత్రం చదివి, ఆనాటి గాలెంత, ఓడ బరువెంత, ఎంతసేపట్లో తిరిగింది అని లెక్కగట్టి, ఆ తీరును పిడిలోకి పంపుతుంది.

ఇదంతా ఎందుకంటే, కోరంగి మడ అడవుల్లో తిప్పడానికి ప్రభుత్వం ఇరవై పడవలు కట్టించబోతోంది. పూర్వం కోరంగిలో కట్టిన ఓడని ఎవరో కెప్టెన్ యేర్ అని మెచ్చుకున్నాడట. ఇవీ అలాగే ఉండాలని షరతు. అలా ఉన్నాయో లేదో ఈ యంత్రమే కొలుస్తుంది; దాన్ని సరిచూడ్డానికే నూకరాజుని పిలిపించారు. ఈ ఆర్డరు రాకపోతే నూకరాజు షెడ్డు మూతపడుతుంది, అతని దగ్గర పనిచేసే పద్నాలుగు కుటుంబాలు రోడ్డున పడతాయి.

"ఏం అబద్ధం మేస్త్రిగారూ?" అంది వసుమతి.

"అడక్కముందే తిరిగిపోతందండీ. పడవ అలా తిరగదండి. చెయ్యి చెప్పాక, కెరటాన్ని ఓపాలి చూసుకుని అప్పుడు తిరుగుద్ది."

"ఇందులో వెయ్యేళ్ల రాతలున్నాయి."

"రాసినోళ్లెవరండీ? పక్కన నిలబడి చూసిన దొరలు. చుక్కాని పట్టుకున్నోడికి రాయడం వచ్చేడిసిందా ఏంటండీ?"

అంత చదువూ చదివిన వసుమతికి ఈ ముక్క తట్టనేలేదు. మూడు రోజులు నూకరాజు చేత ఓ పాత టేకు పడవ నడిపించి, అతని చేతి కదలికలన్నీ సెన్సర్లతో యంత్రానికి నేర్పింది. ల్యాబ్ నియమం ప్రకారం ఆ చేతికి పేరు మాత్రం రాయలేదు. ఆఖర్న నూకరాజు మళ్లీ పిడి పట్టుకుని, "ఆఁ, ఇప్పుడు పడవైందండీ!" అన్నాడు. ఆర్డరు తనదేనని మీసం దువ్వుకుంటూ ఊరికెళ్లాడు.

ఏడాది తరవాత కాకినాడ రేవులో పరీక్ష. ఒకటి నూకరాజు తుమ్మచెక్క పడవ, ఇంకోటి ఓ కంపెనీ ఫైబరు పడవ. కంపెనీ వాళ్లు యంత్రంలోని తీరునే కాపీ కొట్టి, ఆ చెయ్యి తిప్పినట్టే చుక్కానిని తిప్పే చిన్న మోటారు బిగించారు.

"ఫైబరు పడవకి నూటికి నూరు," అన్నాడు పరీక్ష పెట్టిన ప్రభుత్వ ఆఫీసరు. "మీకు ఎనభై రెండు. తొంభై రావాలి."

"దేంతో కొలిచారండీ?"

"ప్రామాణిక హస్తంతో. యంత్రంలో ఒక నిపుణుడి చెయ్యుంది."

"ఆయ్! ఆ చెయ్యి నాదేనండి! అప్పుడు నడిపింది టేకు పడవండి, ఇది తుమ్మ. కలప మారితే చెయ్యి మారొద్దాండీ?"

ఆఫీసరు కాగితాలన్నీ తిరగేశాడు. నూకరాజు పేరు ఎక్కడా లేదు. పాపం పెద్దాయన అనుకుని, భుజం తట్టాడు.

"పోనీలెండి మేస్త్రిగారూ. ఆ నిపుణుడెవరో కనుక్కుని నాల్రోజులు ఆయన దగ్గర నేర్చుకోండి. వచ్చే ఏడు తొంభై దాటొచ్చు."

నూకరాజుకి నవ్వాగలేదు. ఒళ్లు మండుతున్నా సరే, కళ్లలో నీళ్లు తిరిగేదాకా పొట్ట పట్టుకుని నవ్వాడు. గట్టు మీద అతని పనివాళ్లు పద్నాలుగుమందీ ఫలితం కోసం కాచుకునున్నారు. మేస్త్రి నవ్వడం చూసి, వాళ్లు చప్పట్లు కొట్టడం మొదలెట్టారు.