ఎఫీ ఎత్తు

"ఎవరు వెయ్యమన్నారు నిన్నీ రంగు? ఎవరు వెయ్యమన్నారూ!"

వంటగది ద్వారబంధాన్ని పట్టుకుని అత్తగారు వినిఫ్రెడ్ అలాగే కూలబడిపోయింది. చేతిలో తడి బ్రష్షుతో డెలియా కొయ్యబారిపోయింది. అమెరికాలో వెర్మాంట్ కొండల్లోని ఈ పాత ఊరికి కాపురం మార్చి మూడు నెలలే! అత్తగారు పుట్టిన ఇల్లు అమ్మకానికొస్తే తల్లి ముచ్చట తీర్చాలని నేట్ కొన్నాడు. మొగుడి మాట కాదనలేక, పదేళ్ళ టీచరు ఉద్యోగం వదులుకుని డెలియా వెంట వచ్చింది. వచ్చే ఆదివారం ఊళ్ళో పాత ఇళ్ళన్నీ చూసేవాళ్ళ కోసం తలుపులు తెరుస్తారు. తమ ఇల్లు నలుగురిలో తీసికట్టు కాకూడదని, పాపం, పొద్దున్నే లేచి ద్వారబంధానికి తెల్లరంగు పూసింది. దాని మీదున్న పెన్సిల్ గీతలు ఎవరో పిల్లల పిచ్చిగీతలనుకుంది...

"అవి మా నాన్న గీసినవి! ఏటా పుట్టినరోజుకి మమ్మల్ని ఇక్కడ నిలబెట్టి, నెత్తిన పుస్తకం పెట్టి గీసేవాడు. మా చెల్లి ఎఫీకి ఏడు గీతలే... ఎనిమిదోది గియ్యకముందే జ్వరంతో పోయింది. దాని ఫొటో కూడా లేదు నాకు. ఆ గీత మీద చెయ్యి పెడితే దాని తల నిమిరినట్టుండేది!"

"నాకు తెలీదత్తయ్యా..."

"నీకెలా తెలుస్తుందిలే. నువ్వీ ఊరిదానివా, ఈ ఇంటిదానివా?"

ఆ మాట డెలియా గుండెల్లో ముల్లులా దిగింది. రంగు గీకబోతే చెక్క కూడా పొడై రాలింది. "పోనిద్దూ, అమ్మే సర్దుకుంటుంది" అన్నాడు నేట్. సర్దుకోవడానికి అదేమన్నా పగిలిన కాఫీ కప్పా!

ఎఫీ ఆనవాలు ఇంకెక్కడైనా దొరుకుతుందేమోనని మర్నాడు డెలియా ఊరంతా తిరిగింది. సమాధుల దొడ్డిలో నాచు తుడిచి ఎఫీ పేరు చదివింది. చర్చి పుస్తకాలు తిరగేసింది. చివరికి, ఇప్పుడు మ్యూజియంగా మార్చిన పాత ఒంటిగది బడికి వెళ్ళింది. తాళాలు చూసుకునే ముసలావిడ మిసెస్ టర్బెల్ అంతా విని, "అత్తగారి కోపానికి మ్యూజియంలో మందా? బాగుందమ్మాయ్!" అని నవ్వి, తలుపు వెనక్కి తీసుకెళ్ళింది. "వేసవి సెలవులకి బడి మూసే రోజున పంతులమ్మ ఏటా పిల్లల్ని ఈ గోడకి నిలబెట్టి కొలిచి, గీత పక్కన పేరు రాసేది. వెతుక్కో."

వంగి వంగి చూసిన డెలియాకు ఏడుపు ఆగలేదు. 'ఎఫీ, ఏడేళ్ళు'!

సాయంత్రం అత్తగారిని బతిమాలి అక్కడికి తీసుకొచ్చింది. వినిఫ్రెడ్ ఆ గీత మీద అరచెయ్యి ఆనించింది. "ఇంతేనా... నా తల్లీ, ఇంత చిన్నదానివా నువ్వు!" అని చంటిపిల్లలా ఏడ్చింది. తర్వాత సంచిలోంచి ఊలు దారం తీసి, నేల నుంచి గీత దాకా కొలిచి తెంపుకుంది.

ఇంటికి రాగానే ఆ ఊలుతో కొలిచి, తెల్లటి ద్వారబంధం మీద ఎఫీ గీత గీసింది. పెన్సిలు మాత్రం కింద పెట్టలేదు.

"చెప్పులు విప్పి ఇలా నిలబడు."

"నేనా? ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకేం పెరుగుతానత్తయ్యా!"

"మాట్లాడక నిటారుగా నిలబడు. ఈ ఇంటి పిల్లల్ని ఇక్కడే కొలుస్తాం."

నెత్తిమీద పుస్తకం ఆనింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా డెలియా కదల్లేదు, గీత వంకర పోతుందేమోనని...