మేడ మీద మూల గదిలో గొంతు

ఆ బడిలో మేడ మీది మూల గదికి మంచి పేరు లేదు. పొద్దు వాలాక అటు వెళితే లోపల్నుంచి ఓ ఆడపిల్ల గొంతు వినిపిస్తుందట. "నేను వెళ్ళొచ్చా?" అని అడుగుతుందట — పాపం, మర్యాదగానే. ఊడ్చే ఆయమ్మ చెవులారా విన్నది. ఆ రోజు పడేసి వచ్చిన చీపురు ఇప్పటికీ తెచ్చుకోలేదు.

లెక్కల టీచరు నవ్వేసేది. పగలంతా ఆ గదిలో పాఠం చెప్పేది తనే మరి. సగం మంది పిల్లలు బెంచీల మీద, సగం మంది ఇళ్ళల్లో... గోడకున్న పెద్ద తెర మీద చిన్న చిన్న మొహాలుగా. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమంటే అదే. తెరలో ఎవరింట్లోనో కుక్క మొరిగితే చాలు, బెంచీలన్నీ గొల్లుమనేవి. విసిగిపోయి, రిమోట్ తీసి తెర శబ్దం పూర్తిగా తగ్గించేసింది. ఆ తర్వాత క్లాసు ఎంతో హాయిగా సాగింది.

ఒకనాడు కళ్ళజోడు మరిచిపోయి మళ్ళీ మేడెక్కింది. అప్పటికే దీపాలు ఆర్పేశారు. ధైర్యంగానే నడిచింది... తలుపు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

"టీచర్..."

లోపలికి తొంగి చూసింది. గదిలో ఎవరూ లేరు. తెర నల్లగా ఉంది.

"టీచర్... నేను వెళ్ళొచ్చా?"

"ఎ... ఎవరది?"

"నేనే టీచర్. కాలు విరిగి ఇంట్లో ఉన్నాను కదా... తెరలో కింది వరసలో, చివర."

హమ్మయ్య, అనుకుంది. రోజూ తెర ఆపి కంప్యూటర్ని అలాగే వదిలేసి పోతోంది తను. తెర ఆగితే శబ్దం కంప్యూటర్లోంచే వస్తుంది. ఇదా ఇన్నాళ్ళ దెయ్యం!

"ఇంకా కూర్చున్నావేంటమ్మా?"

"బెంచీల వాళ్ళు వెళ్ళాక మా సందేహాలు వింటానన్నారుగా టీచర్... మీరు వెళ్ళమనేదాకా లేవొద్దన్నారు. మిగతావాళ్ళు లేచి వెళ్ళిపోయారు. నేను రోజూ అడుగుతూనే ఉన్నా... చీకటి పడ్డాక అమ్మొచ్చి ఆపేస్తుంది."

అన్న మాట నిజమే. బడి తెరిచిన రోజున అన్నది, మర్నాటికే మరిచిపోయింది. దెయ్యమే అయ్యుంటే బాగుండుననిపించింది ఆవిడకి. తడుముకుంటూ వెళ్ళి దీపం వేసి, తెర పెట్టి, కుర్చీ దగ్గరగా లాక్కుంది. తెర మీద... ఒక్కటే మొహం.

"అడుగమ్మా. ఏం అర్థం కాలేదు?"

ఆ పిల్ల నోటు పుస్తకం పేజీలు వెనక్కి తిప్పుతూ పోయింది.

"ఎక్కడ్నుంచి అడగను టీచర్..." అంది మెల్లగా. "మొదటి రోజు నుంచా?"